కుడివైపు మోటార్లు

వర్క్‌షాపు మాస్టారికి పిల్లలు పెట్టిన పేరు మ్యూట్ మాస్టారు. పేర్లు పెట్టడంలో పిల్లలు జాలి చూపించరు గానీ, తప్పు మాత్రం చేయరు. పాలిటెక్నిక్‌లో ఆయన చేరి జుట్టు నెరిసిపోయింది, అయినా ఆయన నోటి వెంట వరసగా రెండు వాక్యాలు విన్నవాళ్ళు లేరు. ఎవడైనా కుర్రాడు ఇనప ముక్కను లేత్ మీద వంకరగా బిగిస్తే "అలా కాదురా" అనరు. దగ్గరికొచ్చి, వాడి చెయ్యి పక్కకు జరిపి, విప్పి, తిన్నగా బిగించి వెళ్ళిపోతారు. తను చేసిన తప్పేమిటో వాడికి తెలియదు. తప్పు మాత్రం మాయమైపోతుంది. మర్నాడు వాడు మళ్ళీ అలాగే బిగిస్తాడు, ఆయన మళ్ళీ వస్తారు.

మాటతో దిద్దితే మనసు నొచ్చుకుంటుందనీ, చేత్తో దిద్దితే ఎవరికీ నొప్పి తెలియకుండా పని జరిగిపోతుందనీ ఆయన నమ్మకం. వినడానికి బాగానే ఉంది. మనుషుల కొంపలు ముంచేవి సాధారణంగా ఇలా వినడానికి బాగుండే నమ్మకాలే.

ఇంట్లోనూ ఆయన తీరు అదే. కాకపోతే ఇంట్లో భార్య ఉండేది. ఆవిడ మాటల పుట్ట. "అమ్మలూ, నువ్వు గీసిన బొమ్మ మీ నాన్నకి తెగ నచ్చిందే" అని కూతురితో చెప్పేది. ఆయన అలా అని ఉండరు, బొమ్మను కాస్త ఎక్కువసేపు చూసి ఉంటారంతే. "దానికి మీ మీద కోపమేం లేదండీ, ఆకలేసి అరిచింది" అని ఇటువచ్చి ఆయనతో చెప్పేది. కూతురూ అలా అని ఉండదు. ఆవిడ చెప్పేవాటిలో సగం ఆవిడ కల్పించినవే, అయినా అందులో ఒక్కటీ అబద్ధం కాదు. తండ్రీకూతుళ్ళ మధ్య నడిచిన కబుర్లన్నీ అలా ఆవిడ నోటి మీదుగానే నడిచాయి. సొంతంగా మాట్లాడుకోవాల్సిన అవసరం ఇద్దరికీ ఎప్పుడూ పడలేదు.

తర్వాత ఆవిడ పోయింది. జబ్బు పెద్దది, ఇచ్చిన వ్యవధి చిన్నది. ఆస్పత్రి మంచం మీద ఒకరోజు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "నేను లేకపోతే మీ ఇద్దరి గతేమిటో" అని నవ్వింది. మంచానికి అటొకరు ఇటొకరు నిలబడి ఉన్న ఆ ఇద్దరూ చెరో వైపు దుప్పటి సరిచేశారు.

ఆవిడ పోయాక ఇల్లు ఎలా ఉండేదంటే, ఉలుకూ పలుకూ లేకుండా ఉండేది. రెండు గదులు, ఒక వంటిల్లు, ఫ్రిజ్ మోత. కూతురి చెప్పు తెగితే తెల్లారేసరికి కుట్టి గుమ్మం దగ్గర ఉండేది. ఆయన కళ్ళజోడు స్క్రూ వదులైతే సాయంత్రానికి బిగిసి ఉండేది. ఆమె చున్నీ ఇస్త్రీ అయ్యేది, ఆయన టిఫిన్ డబ్బా మూత సరిగ్గా పట్టేది. అదీ ఒక భాషే కదా అనేవాళ్ళుంటారు. అలాంటివాళ్ళను చూస్తే ఒళ్ళు మండుతుంది. మాట మాటే. చెప్పు కుట్టి పెడితే నువ్వంటే నాకు ప్రాణం అని చెప్పినట్టు కాదు, చెప్పు కుట్టినట్టు, అంతే.

కూతురు అదే పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివేది. కాలేజీలో తండ్రిని అందరిలాగే "సార్" అనేది. అక్కడున్న రోబో క్లబ్బుకు ఆయనే ఇన్‌ఛార్జి. వర్క్‌షాపు వెనక, పాత లేత్‌లు పడేసిన గదిలో, మిషన్ ఆయిల్ వాసన మధ్య పిల్లలంతా కలిసి ఏటా ఒక పోటీ రోబో కట్టేవారు. ఈ ఏడాది కట్టినదానికి గున్న అని పేరు పెట్టారు. బొద్దుగా, మోకాలి ఎత్తున, ముందు తొండంలాంటి చెయ్యితో నిజంగానే గున్న ఏనుగులా ఉండేది. మోటార్లూ వైరింగూ మాస్టారి వాటా, ప్రోగ్రామ్ కూతురి వాటా. నడిపేవాడు ఒక పొడుగాటి కుర్రాడు. వాడి గొంతు వీధి చివరికి వినిపిస్తుంది కాబట్టి అందరూ వాణ్ణి హారన్ అనేవారు.

ఆ గదిలో తండ్రీకూతుళ్ళు ఒకే బల్ల ముందు గంటల తరబడి పనిచేసేవారు. ఆమె లాప్‌టాప్‌లో, ఆయన వైర్లలో. మాటలు లేకపోయినా, పక్కన కూర్చునే వీలు ఇంట్లో కంటే అక్కడే ఎక్కువ ఉండేది. మాస్టారికి రోజు మొత్తంలో బతికినట్టు అనిపించేది ఆ కాసేపే.

ఇలా ఉండగా ఒక సెలవురోజు మరదలు వచ్చింది. భార్యకు చెల్లెలు, దూరపు నగరంలో ఉద్యోగం, పిల్లల్లేరు, అక్క కూతురంటే పంచప్రాణాలు. ఆయన వంటింట్లో టీ కాస్తుంటే ముందుగదిలో పిన్నీ కూతురూ మాట్లాడుకోవడం వినిపించింది.

"నాకు ఇక్కడ ఊపిరాడట్లేదు పిన్నీ," అంది కూతురు. "పొద్దున్న లేస్తే ఫ్రిజ్ చప్పుడు తప్ప ఇంకో గొంతు వినిపించదు. నాన్నకి నేను ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే."

"వచ్చేయవే నా దగ్గరికి. అక్కడా కాలేజీలున్నాయి, నేను చేర్పిస్తా."

"పోటీ అవనీ. గెలిస్తే పై పోటీకి వెళ్ళాలి, ఇక ఏడాది చివరిదాకా కదలడానికి ఉండదు. ఓడిపోతే మటుకు వచ్చేస్తాను. ఎవరికీ అడ్డం ఉండదు."

టీ పొంగి స్టవ్ మీద పడింది. మాస్టారు గుడ్డ తీసుకుని తుడిచారు. ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటే అన్న మాట ఆయన గుండెలో దిగబడింది. బయటికి వచ్చి "అది నిజం కాదమ్మా" అంటే సరిపోయేది. మూడే మాటలు. అడగందే అమ్మైనా పెట్టదంటారు, చెప్పందే కన్నబిడ్డకైనా ఎలా తెలుస్తుంది? ఆయన మూడు కప్పుల్లో టీ పోసి, కూతురి కప్పులో ఆమెకు ఇష్టమైనంత చక్కెర వేసి, తెచ్చి ముందు పెట్టి వెళ్ళిపోయారు.

ఆ రోజు నుంచీ ఆయన గంపెడాశ అంతా గున్న మీదే. గెలిస్తే కూతురు ఉంటుంది. ఏడాది చివరిదాకా ఉంటుంది. అంతలో ఏదో ఒకరోజు తన నోరు పెగులుతుందని ఆయన తనకు తానే వాయిదా ఇచ్చుకున్నారు.

ఇక్కడ ఆ మోటార్ల సంగతి కాస్త చెప్పుకోవాలి. గున్నకు ఎడమవైపు రెండు మోటార్లు, కుడివైపు రెండు. అన్నీ ఒకే రకం, కానీ ఎడమవీ కుడివీ ఎదురుబొదురుగా ఉంటాయి. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరిని మీ కుడివైపుకు తిరగండి అంటే ఒకరు కిటికీ వైపు, ఒకరు గోడ వైపు తిరుగుతారు కదా. అలాగే రెండు పక్కల మోటార్లకూ ఒకే ఆజ్ఞ ఇస్తే ఎడమ చక్రాలు ముందుకు, కుడి చక్రాలు వెనక్కు పోతాయి, బండి ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది. అందుకని కుడిపక్కను తిరగేయాలి. దానికి రెండు దారులున్నాయి. మోటారుకు వెళ్ళే ఎర్ర వైరునూ నల్ల వైరునూ తారుమారు చేయడం ఒకటి. వైర్ల జోలికి పోకుండా ప్రోగ్రామ్‌లో కుడిపక్క అంకె ముందు ఒక మైనస్ గుర్తు పెట్టడం రెండోది. ఏదో ఒకటే చేయాలి. రెండూ చేస్తే కథ మళ్ళీ మొదటికొస్తుంది.

మాస్టారిది ఏళ్ళ తరబడి వైర్లు తిరగేసే పద్ధతి. కూతురు క్లబ్బులో చేరాక ఒకరోజు మిగతా పిల్లలతో అంది, "ఎర్రది ఎర్రదానికే పోవాలి, నల్లది నల్లదానికే పోవాలి. వైర్లలో తిరగేస్తే తర్వాత వచ్చినవాడికి ఎలా తెలుస్తుంది? తిరగేయాల్సింది కోడ్‌లో, అందరికీ కనిపించేచోట." మాస్టారు అప్పుడు లేత్ అవతల ఉన్నారు. విన్నారు. అమ్మాయి చెప్పింది నిజమేననిపించింది. మర్నాటికి గున్న వైర్లన్నీ ఎర్రది ఎర్రదానికీ నల్లది నల్లదానికీ సోల్డరింగ్ అయి ఉన్నాయి. కూతురు వాటిని చూసి, ఒక్క క్షణం ఆగి, కోడ్‌లో మైనస్ గుర్తు పెట్టుకుంది. నువ్వన్నది బాగుంది అని ఆయనా అనలేదు, ఎందుకు మార్చారని ఆమే అడగలేదు.

పోటీ ఒక పెద్ద ఇండోర్ స్టేడియంలో జరిగింది. దీపాల వెలుగు, మైకుల గోల, వరసగా టేబుళ్ళు, టేబులుకో జట్టు. నేల మీద పడి ఉన్న రబ్బరు బిళ్ళలను రోబో ఎత్తి అరల్లో పెట్టాలి. ఎదుటి జట్టు కంటే ఎక్కువ పెట్టినవాళ్ళు గెలిచినట్టు. గున్నకు వేగం తక్కువే గానీ, గీత గీసినట్టు తిన్నగా పోయేది. పొద్దున్నుంచీ ఆడిన ఆటలన్నీ గెలుస్తూ వచ్చింది. హారన్ గాడి అరుపులకు పక్క టేబులువాళ్ళు చెవులు మూసుకున్నారు. ఇంకొక్క ఆట గెలిస్తే పై పోటీకి వెళ్ళినట్టే. మాస్టారు ఆ సంగతి మనసులో ఎన్నిసార్లు అనుకున్నారో లెక్కలేదు.

కానీ అప్పుడే ముగిసిన ఆటలో అవతలి జట్టు రోబో పక్కనుంచి వచ్చి గున్నను గుద్దింది. ఆట గెలిచారు గానీ కుడిపక్క గేర్ల పళ్ళు రాలిపోయాయి. వెంటనే టేబులు మీదికెత్తి, కుడివైపు మోటార్లూ గేర్లూ మొత్తంగా విప్పేసి, పోయినేటి రోబో తాలూకు జతను పెట్టెలోంచి తీసి బిగించారు. చక్రాలు గాలిలో ఉండగా హారన్ కంట్రోలు పెట్టె మీది జాయ్‌స్టిక్‌ను కాస్త ముందుకు తోశాడు. ఎడమ చక్రాలు ముందుకు తిరిగాయి, కుడి చక్రాలు వెనక్కు తిరిగాయి.

"అరే, ఇదేంటి ఇలా తిరుగుతోంది?" అన్నాడు హారన్.

మాస్టారికి చూడగానే తెలిసిపోయింది. పోయినేటి మోటార్లు, అంటే తన పాత పద్ధతిలో వైర్లు తిరగేసి సోల్డరింగ్ చేసినవి. ఇప్పుడు కోడ్‌లో కూతురి మైనస్ కూడా ఉంది. రెండూ కలిసి మొదటికొచ్చాయి. కూతురు వైర్ల వైపు చూసింది. ఆమెకూ తెలిసిపోయిందని ఆయనకు తెలియదు.

ఇంతలో ఆఖరి ఆటకు పిలుపు త్వరలో వస్తుందని మైకులో చెప్పారు. హారన్ బ్యాటరీ ఊడదీసుకుని చార్జింగ్ బల్ల దగ్గరికి పరిగెత్తాడు. కూతురు లాప్‌టాప్ చంకన పెట్టుకుని గోడ పక్కనున్న ప్లగ్గు దగ్గరికి వెళ్ళి కూర్చుంది. టేబులు దగ్గర మాస్టారొక్కరే మిగిలారు.

ఆయన సోల్డరింగ్ ఇనుము వేడి పెట్టారు. అమ్మాయి పద్ధతి అమ్మాయిది, దాని కోడ్ దానికి ఉండాలి, మారాల్సింది నా పాత చేతిపనే అనుకున్నారు. పాత అతుకులు కరిగించి, ఎర్రది ఎర్రదానికీ నల్లది నల్లదానికీ అతికి, పైన తొడుగు వేసి వేడికి బిగించారు. చేస్తున్నంతసేపూ ఆయన మనసు తేలికగా ఉంది. చాలా నెలల తర్వాత కూతురికి తను ఏదో ఇస్తున్నట్టుంది. బ్యాటరీ లేదు కాబట్టి చక్రాలు తిప్పి చూసే వీల్లేదు. కూతురు అక్కడే, పిలిస్తే పలికే దూరంలో, గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. అమ్మలూ, వైర్లు మార్చేశానమ్మా అని ఒక్క కేక వేస్తే చాలు. ఆయనకు ఆ ఆలోచనే రాలేదు. తప్పు కనిపించింది, చేత్తో దిద్దారు. బతుకంతా చేసింది అదే.

కాసేపటికి కూతురు తిరిగొచ్చింది. కేబులు తీసి గున్నలోని కంట్రోలర్ బోర్డుకు తగిలించింది. లాప్‌టాప్ నుంచి వచ్చే కరెంటు బోర్డు వెలగడానికి చాలుతుంది, మోటార్లు తిరగడానికి చాలదు. ఏదో కొట్టింది, తెర మీద పచ్చ గీత చివరిదాకా పోయింది, కేబులు పీకేసింది. చూసుకుంటోంది కాబోలు అనుకున్నారు మాస్టారు. అప్పుడు ఆమె తలెత్తి ఆయన వైపు చూసి నవ్వింది. పెద్ద నవ్వేం కాదు. కానీ తల్లి పోయాక ఆయన వైపు చూసి ఆమె నవ్వడం అదే మొదలు. నేను చేసింది చూసిందన్నమాట అనుకుని ఆయన కూడా నవ్వారు.

బ్యాటరీతో హారన్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. "సరైందా? సరైందా?"

"అయింది," అన్నారు తండ్రీ కూతురూ ఇద్దరూ ఒకేసారి.

వెంటనే పిలిచేశారు. వరసలో నిలబడే బ్యాటరీ తగిలించారు. అక్కడ చక్రాలు తిప్పకూడదని నియమం. గున్నను మైదానంలో గీత మీద పెట్టారు. డ్రైవర్ పక్కన జట్టు తరఫున ఒక పెద్దమనిషి నిలబడి సలహా చెప్పవచ్చు, కానీ కంట్రోలు పెట్టె మీద చెయ్యి వేయకూడదు. వేస్తే ఆట పోయినట్టే. మాస్టారు హారన్ పక్కన నిలబడ్డారు. కూతురు తాడు అవతల, జనం ముందు వరసలో ఉంది.

ఈల పడింది. హారన్ జాయ్‌స్టిక్ ముందుకు తోశాడు. గున్న కదిలింది, కానీ ముందుకు కాదు. ఉన్నచోటే బొంగరంలా గిర్రున తిరిగింది. హారన్ బిత్తరపోయి ఇంకా గట్టిగా తోశాడు. గున్న ఇంకా వేగంగా తిరిగింది. జనంలో ఎవరో పడీ పడీ నవ్వారు.

మాస్టారికి ఒక్కసారిగా అంతా తెలిసిపోయింది. పచ్చ గీత ఏమిటో, ఆ నవ్వు ఎందుకో, కూతురు మైనస్ గుర్తు తీసేసిందనీ, తన పాత పద్ధతికి తలవంచి తీసేసిందనీ. అంతకంటే ముఖ్యం, ఇప్పుడేం చేయాలో కూడా తెలిసిపోయింది. ఇలా కుడిపక్క తిరగబడినప్పుడు జాయ్‌స్టిక్‌ను ముందుకు తోస్తే బండి తిరుగుతుంది, పక్కకు తోస్తే తిన్నగా పోతుంది. అడ్డదిడ్డంగానైనా ఆట మొత్తం అలా ఆడేయొచ్చు, సమయం బోలెడుంది. చెప్పాల్సింది ఒక్కటే ముక్క. పక్కకి తొయ్యరా.

ఆ ముక్క రాలేదు. ఏ కుర్రాడు ఏ తప్పు చేసినా ఇన్నేళ్ళూ ఏది కదిలిందో అదే కదిలింది. కుడి చెయ్యి చాచి, హారన్ వేళ్ళు పక్కకు జరిపి, జాయ్‌స్టిక్‌ను తానే పక్కకు తోశారు. గున్న తిరగడం ఆపి, చక్కగా, గీత గీసినట్టు ముందుకు సాగింది.

రిఫరీ ఎర్ర జెండా ఎత్తాడు.

హారన్‌కు ఏం జరిగిందో అర్థం కావడానికి కాస్త పట్టింది. తర్వాత, "ఎందుకు సార్ ముట్టుకున్నారు? నోటితో చెప్తే సరిపోయేది కదా సార్!" అని స్టేడియమంతా వినపడేట్టు అరిచి, అక్కడే కూలబడి ఏడ్చాడు. వాడి మాటలో తప్పేముంది? నోరున్నవాడెవడైనా అదే అంటాడు. తాడు అవతలి నుంచి కూతురు తండ్రి ముఖం వైపు చూడలేదు, ఆయన చేతి వైపు చూసింది. ఆ చెయ్యి ఎక్కడ దాచుకోవాలో ఆయనకు తెలియలేదు.

వ్యానులో తిరిగివస్తుంటే పిల్లలెవరూ మాట్లాడలేదు. అందరూ మాస్టారిలాగే ఉన్నారు ఆ రోజు.

ఇంటికి వచ్చాక కూతురు బ్యాగు కింద పెట్టకుండానే అడిగింది. "వైర్లు నువ్వు మార్చావా?"

"ఊఁ," అన్నారాయన.

"ఎందుకు?"

ఆమె కాసేపు చూసి, తనే చెప్పింది. "నేను కోడ్ మార్చాను. అప్పుడు నేను వైర్ల గురించి అలా అన్నందుకు నీకు కోపం వచ్చి, మాట్లాడకుండా మొత్తం మార్చేశావనుకున్నా. ఇన్నాళ్ళూ అది నా మనసులో ఉండిపోయింది. ఈసారికి నీ పద్ధతే ఉంచుదాం, నువ్వు చూసి సంతోషిస్తావు అనుకున్నా. నవ్వావు కదా, చూశావనుకున్నా."

కోపమా! ఆయనకు ఎప్పుడు వచ్చింది కోపం? నువ్వన్నది నిజమనిపించి మార్చానమ్మా, నీ బుర్ర చూసి గర్వపడి మార్చానమ్మా అని ఆయన లోపల ఎవరో గొంతు చించుకుంటున్నారు. బయటికి మాత్రం చెయ్యి చాచి, ఆమె భుజం మీది బరువైన బ్యాగును తీసి కుర్చీలో పెట్టారు.

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అమ్మ ఉంటే నీ బదులు ఏదో ఒకటి చెప్పేది," అంది. లోపలికి వెళ్ళి పిన్నికి ఫోన్ చేసింది.

ఆదివారం మరదలు వచ్చింది. కూతురు లోపల గదిలో బట్టలు సర్దుకుంటోంది, తలుపు ఓరగా తెరిచి ఉంది. మరదలు కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"బావగారూ, పిల్లని తీసుకెళ్తున్నానని మీరు ఏమీ అనుకోవడం లేదు కదా? వద్దంటే వద్దనండి. నేనేం బాధపడను. అది మీ కూతురు. మీరేమంటారు?"

లోపల బట్టలు సర్దే చప్పుడు ఆగింది. మాస్టారికి ఆ ఆగడం వినిపించింది. వద్దు అనాలని ఆయన అణువణువూ అంటోంది. కానీ వద్దంటే పిల్లను కట్టిపడేసినట్టు అవుతుందేమో, ఊపిరాడట్లేదన్న పిల్లను మళ్ళీ ఆ ఫ్రిజ్ చప్పుడు దగ్గరే కూర్చోబెట్టినట్టు అవుతుందేమో. మాట్లాడ్డం అలవాటు లేనివాడికి ఉన్న ఒకటి రెండు మాటల్లోనూ సరైనది ఏరుకోవడం చేతకాదు.

"దాని ఇష్టం," అన్నారు.

లోపల మళ్ళీ బట్టలు సర్దే చప్పుడు మొదలైంది. చేజేతులా చేసుకున్నదానికి ఎవరిని అనగలం? మరదలు నిట్టూర్చి, ట్యాక్సీ వచ్చిందేమో చూస్తానని బయటికి వెళ్ళింది.

కూతురు పెద్ద సూట్‌కేసు లాక్కుంటూ ముందుగదిలోకి వచ్చింది. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఒక చక్రం బిగుసుకుపోయి నేల మీద గీసుకుంది. రెండుసార్లు లాగింది. కదల్లేదు. ఎత్తుదామంటే ఆమె వల్ల అయ్యే బరువు కాదు.

"నాన్నా, చక్రం తిరగట్లేదు."

ఆయన వచ్చారు. వంగి చూశారు.

"ఇది ఇప్పట్లో బాగయ్యేట్టు లేదు కదా," అంది కూతురు. సూట్‌కేసు పిడి వదిలేసింది. "పోనీ, ఉండిపోనా నాన్నా?"

ఆమె అడిగింది చక్రం గురించి కాదు. ఆ సంగతి ఆయనకు తెలియక కాదు, ఆయన మాట రానివాడే గానీ మొద్దు కాదు. ఆ ఒక్క ప్రశ్న అడగడానికి ఆ పిల్ల ఎంత కూడదీసుకుందో కూడా ఆయనకు తెలుసు. కానీ అప్పటికే ఆయన మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నారు, జేబులోని స్క్రూడ్రైవర్ చేతిలోకి వచ్చేసింది. ఇరుసుకు పాత దారం పోగులు చుట్టుకుని గట్టిపడి ఉన్నాయి. వదిలెయ్, అనుకున్నారు. ఒక్కసారి, ఈ ఒక్కసారికి, చెడిపోయినదాన్ని చెడిపోయినట్టే వదిలెయ్. స్క్రూడ్రైవర్ పక్కన పడేసి దాని చెయ్యి పట్టుకో.

"రెండు నిమిషాలు," అన్నారు.

నిజంగానే అంతకంటే పట్టలేదు. స్క్రూ విప్పారు, దారం పోగులు కోసి లాగేశారు, ఇరుసు తుడిచి మళ్ళీ బిగించారు. కూతురు పక్కనే నిలబడి ఆయన నడినెత్తి వైపు చూస్తూ ఉంది. ఆయన తల ఎత్తలేదు, ఎత్తితే కళ్ళు కనపడతాయని. చక్రాన్ని వేలితో తిప్పి చూశారు. అది సాఫీగా, చాలాసేపు తిరిగింది.

ఆయన లేచి, సూట్‌కేసు పిడి పైకి లాగి, కూతురి చేతికి అందించారు.

"బాగైంది," అన్నారు.

"ఊఁ," అంది కూతురు. పిడి పట్టుకుని, గుమ్మం దాటింది.